వి.వి. గిరి గారు – ఓటు లెక్క నేర్పిన పాఠం



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గ మిత్రులు కోరినప్పుడు నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. ఉద్యోగుల సంఘం అనే మాట వినగానే గుర్తుకు రావలసిన తెలుగువారిలో మొదటి వరుసలోని వారు వరాహగిరి వెంకటగిరి గారు. జీవితంలో సగభాగం కార్మికుల మధ్య గడిపి, చివరకు దేశానికి నాలుగో రాష్ట్రపతి అయిన వ్యక్తి. ఆయనను గురించి వ్రాయటానికి నాకు మరో కారణం కూడా ఉంది. అది మన బాన్సువాడ శాఖకు సంబంధించినది. దానిని చివర మనవి చేస్తాను.

బరంపురం నుంచి డబ్లిన్ దాకా

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. ఆ ఊరు అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఒడిశాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న న్యాయవాది, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మ గారు కూడా జాతీయోద్యమంలో పాల్గొన్నారు. స్థానికంగా చదువు ముగించుకొని 1913లో న్యాయశాస్త్రం చదవటానికి ఐర్లండులోని డబ్లిన్ నగరం వెళ్లారు. ఆ రోజుల్లో ఐర్లండు కూడా మనలాగే ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉంది. అక్కడి స్వాతంత్ర్య యోధులతో ఈ తెలుగు విద్యార్థికి పరిచయాలు పెరిగాయి. 1916లో ఈస్టరు పండుగ సమయంలో అక్కడ తిరుగుబాటు జరిగిన తరువాత, దేశం విడిచి వెళ్లమని ప్రభుత్వం ఆయనకు నోటీసు ఇచ్చింది. ఆ సంవత్సరమే స్వదేశానికి తిరిగి వచ్చి వకీలు వృత్తి చేపట్టారు. సహాయ నిరాకరణోద్యమం రాగానే ఆ వృత్తినీ వదిలేశారు. కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగు చేసి 1922లో జైలుకు వెళ్లారు.

రైలు కార్మికుల మనిషి

మన బాన్సువాడకు నేటికీ రైలు కూత వినబడదు. కాని రైలు కార్మికులు సాధించుకున్న హక్కుల ఫలితం మన వంటి అన్ని శాఖల ఉద్యోగులకూ అందింది. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకుల్లో గిరి గారు ఒకరు. దానికి పది సంవత్సరాలకు పైగా ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలు పోగొట్టుకున్నవారి కోసం శాంతియుతంగా సమ్మె నడిపించారు. 1926లోను, మళ్లీ 1942లోను అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు, 1931లో లండనులో జరిగిన రెండవ రౌండు టేబులు సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు.

ప్రతినిధి అన్న ఆ మాటను మిత్రులు గమనించగోరుతాను. రాజులు, జమీందార్లు, వకీళ్లు కూర్చున్న సభలో ఇంజనులో బొగ్గు వేసే మనిషి తరఫున కూడా ఒకరు ఉండాలన్నదే ఆయన జీవితమంతా చేసిన వాదన.

1937లో జరిగిన ఎన్నికల్లో, మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా పనిచేసిన బొబ్బిలి రాజా గారిని ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి అయ్యారు. క్విట్ ఇండియా ఉద్యమంలో మళ్లీ జైలు. 1946 ఎన్నికల తరువాత ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మళ్లీ కార్మిక మంత్రి. స్వాతంత్ర్యం వచ్చాక 1947 నుంచి 1951 వరకు సిలోనులో మన హైకమిషనరుగా పనిచేశారు.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ గారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. యాజమాన్యం, కార్మికులు ముందు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి, బలవంతపు తీర్పు చివరి మార్గం కావాలి అన్నది ఆయన పద్ధతి. దానికి గిరి పద్ధతి అనే పేరే స్థిరపడింది. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినప్పుడు, అది తనకు సమ్మతం కాదని 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఉద్యోగుల జీతాల కోసం కేంద్రమంత్రి కుర్చీ వదులుకున్నవారు మన దేశ చరిత్రలో ఎందరున్నారో మీరే ఆలోచించండి.

పార్వతీపురం ఓటమి

1957 ఎన్నికల కథ మన కొత్త తరానికి బొత్తిగా తెలియదు. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులు ఉండేవారు. ఒక స్థానం అందరిదీ, ఇంకొకటి షెడ్యూల్డు కులాలకో తెగలకో కేటాయించినది. ఓటరుకు రెండు ఓట్లు. గిరి గారు పోటీ చేసిన పార్వతీపురం అటువంటిదే. అక్కడ రెండో స్థానం గిరిజనులది. లెక్కింపు ముగిసేసరికి మొదటి రెండు స్థానాల్లోను గిరిజన అభ్యర్థులే నిలిచారు. రెండో స్థానంలో ఉన్న డిప్పల సూరిదొర గారి కంటే గిరి గారికి 565 ఓట్లు తక్కువ వచ్చాయి.

కేటాయించిన స్థానం గిరిజనులకు ఇచ్చిన తరువాత, జనరల్ స్థానం కూడా గిరిజన అభ్యర్థికే ఎలా ఇస్తారన్నది వివాదం. గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. జనరల్ స్థానం అందరిదీ. ఎక్కువ ఓట్లు వచ్చిన మనిషి గిరిజనుడైనంత మాత్రాన ఆ తలుపు ఆయనకు మూయకూడదు. రిజర్వేషను అనేది ఇంతకు తగ్గరాదని గీసిన గీతే గాని, ఇంతకు మించరాదని కట్టిన గోడ కాదు. తీర్పు సారాంశాన్ని నేను అర్థం చేసుకున్నది ఇలా. ఎన్నికల డ్యూటీలలో జుట్టు నెరిసినవాడిగా నాకు ఆ తీర్పు న్యాయమైనదని అనిపిస్తుంది. 1961లో చట్టం చేసి ఈ ద్విసభ్య నియోజకవర్గాలను ఎత్తివేశారు.

జీవితమంతా బలహీనుల ప్రాతినిధ్యం కోసం పోరాడిన మనిషి, తన సొంత ఎన్నికలో అదే సూత్రానికి ఎదురు నిలిచి ఓడిపోవటం విచిత్రమే. పెద్దవారిలోనూ ఇటువంటి సందర్భాలు ఉంటాయి. వాటిని దాచి వ్రాస్తే అది జీవితచరిత్ర కాదు, సన్మానపత్రం అవుతుంది.

ఆ తరువాత ఆయన ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు వరుసగా గవర్నరుగా పనిచేశారు. 1967 మే నెలలో ఉపరాష్ట్రపతి అయ్యారు.

1969 ఆగస్టు

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై జులై 19న సంతకం చేసింది ఆయనే. మరునాడు రాష్ట్రపతి ఎన్నికలో నిలబడటానికి పదవి నుంచి తప్పుకున్నారు. అధికార కుర్చీలో కూర్చుని ఓటు అడగరాదన్న మర్యాద అది. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా గారు ఆ కొద్ది వారాలు రాష్ట్రపతి బాధ్యతలు చూశారు.

కాంగ్రెసు అధికార అభ్యర్థి మన తెలుగువారే అయిన నీలం సంజీవరెడ్డి గారు. ఆయన లోక్‌సభ స్పీకరు పదవికి రాజీనామా చేసి వచ్చారు. స్వతంత్ర, జనసంఘ్ పార్టీల మద్దతు సి.డి. దేశ్‌ముఖ్ గారికి. గిరి గారు స్వతంత్ర అభ్యర్థి. ప్రధాని ఇందిరా గాంధీ సభ్యులను అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమన్నారు. మొత్తం 15 మంది అభ్యర్థులు. ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. తెలంగాణ ఉద్యమం వల్ల నిజామాబాదులో చదువు ఆగిపోయి ఊరికి వచ్చి ఉన్నాను. ఓటు హక్కుకు 21 ఏళ్లు నిండాలి కాబట్టి నాకు ఏ ఓటూ లేదు. బస్టాండు దగ్గర హోటల్లో రేడియో చుట్టూ మూగిన వారిలో నేనూ ఒకణ్ణి. గిరి గారికి అందరి కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని చెప్పి, అయినా ఇంకా గెలవలేదని చెప్పేసరికి ఎవరికీ అర్థం కాలేదు. మా సర్పంచి ఎన్నికలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలుపే గదా అని పెద్దలు వాదించుకున్నారు. ఆ లెక్క నాకు పూర్తిగా అర్థమయింది నౌకరీలో చేరి, ఎన్నికల పుస్తకాలు చేతికి వచ్చాకనే.

రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు పేర్ల ఎదురుగా 1, 2, 3 అని తన ఇష్టం వరుసగా అంకెలు వేస్తాడు. చెల్లిన ఓట్ల మొత్తం విలువలో సగం కంటే ఎక్కువ వచ్చినవారే గెలిచినట్లు. 1969లో చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలవటానికి కావలసినది 4,18,169. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చాయి. మిగిలినవారిలో కొందరికి ఒక్క ఓటు కూడా లేదు. ఎవరికీ సగం దాటలేదు. అప్పుడు అడుగున ఉన్నవారిని ఒక్కొక్కరిగా తొలగిస్తూ, వారి ఓటర్లు తరువాతి అంకె ఎవరికి వేశారో చూసి ఆ కాగితాన్ని వారికి కలిపారు. చివరకు గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 తేలాయి.

ఈ అంకెలను కాస్త నిదానంగా చూడండి. తొలగిన అభ్యర్థుల నుంచి గిరి గారికి కలిసినవి 18,562 మాత్రమే. సంజీవరెడ్డి గారికి 91,879 కలిశాయి. మొదట 87,967 ఉన్న తేడా చివరకు 14,650కి దిగింది. దేశ్‌ముఖ్ గారిని కోరుకున్నవారి ఓట్లు చెత్తబుట్టలో పడలేదు. మీరు కోరినవారు గెలవకపోతే మిగిలినవారిలో ఎవరు నయం అని వారిని కూడా అడిగారు. అలా అడిగిన తరువాత కూడా సగం దాటారు కాబట్టే గిరి గారి గెలుపును ఓడినవారు సైతం కాదనలేని లెక్క అయింది. మన రాష్ట్రపతి ఎన్నికలన్నిటిలో రెండో ప్రాధాన్యాలు లెక్కిస్తే గాని ఫలితం తేలనిది ఇదొక్కటే.

అయినా కోర్టులో వివాదం నడిచింది. సంజీవరెడ్డి గారిపై పంచిన ఒక కరపత్రం ఎన్నికను చెడగొట్టిందని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. గిరి గారు పదవిలో ఉన్న రాష్ట్రపతి అయి ఉండి కూడా కోర్టుకు స్వయంగా హాజరై సాక్ష్యం ఇచ్చారు. 1970లో కోర్టు పిటిషన్లను కొట్టివేసింది. పార్వతీపురం కేసులో కోర్టు కాదంటే ఒప్పుకొన్నారు, ఈ కేసులో కోర్టు పిలిస్తే వచ్చి నిలబడ్డారు.

ఒక్కో ఓటు విలువ

పై అంకెలు లక్షల్లో ఎందుకున్నాయని కొందరికి సందేహం రావచ్చు. ఓటు వేసేది ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు మాత్రమే. కాని ఒక ఎమ్మెల్యే వెనుక ఉన్న జనాన్ని బట్టి ఆయన ఓటుకు విలువ కట్టాలని రాజ్యాంగం 55వ అధికరణం చెబుతుంది. రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగించాలి. శేషం ఐదు వందలు గాని అంతకు మించి గాని ఉంటే ఒకటి కలపాలి. దేశంలోని ఎమ్మెల్యేలందరి ఓట్ల విలువను ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ వస్తుంది. ఆ విధంగా రాష్ట్రాలన్నీ ఒక పళ్లెంలో, పార్లమెంటు ఇంకొక పళ్లెంలో సమానంగా తూగుతాయి. 1969లో మన ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 125, ఎంపీ ఓటు విలువ 576.

2017లో, తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత వచ్చిన మొదటి రాష్ట్రపతి ఎన్నికప్పుడు, బాన్సువాడలో మా ఉదయపు నడక మిత్రుల మధ్య ఒక వాదన వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 148 ఉన్న మన ఎమ్మెల్యే ఓటు 132కి పడిపోయిందని, పక్క రాష్ట్రంలో 159 అయిందని, ఇది అన్యాయమని కొందరు బాధపడ్డారు. కాగితం తీసి లెక్క వేసి చూపించాను. 1971 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా సుమారు 1 కోటి 57 లక్షలు, స్థానాలు 119. ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 2 కోట్ల 78 లక్షలు, స్థానాలు 175. మనకు ఒక్కో స్థానం వెనుక జనం తక్కువ, అందుకే విలువ తక్కువ. స్థానాలతో గుణిస్తే మనకు 15,708, వారికి 27,825. రెండు చోట్లా సుమారు వెయ్యి మందికి ఒక ఓటు. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 208 అయినా, సిక్కిం ఎమ్మెల్యే ఓటు 7 అయినా సూత్రం అదే. విలువలు వేరుగా ఉన్నది మనుషులను సమానంగా చూడటానికే.

చిక్కంతా 1971 అన్న మాట దగ్గర ఉంది. కుటుంబ నియంత్రణ బాగా పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో 42వ సవరణ ద్వారా జనాభా అంకెలను 1971 వద్ద నిలిపారు. 2001లో 84వ సవరణ ఆ గడువును, 2026 తరువాత జరిగే మొదటి జనాభా లెక్కల అంకెలు ప్రకటించే దాకా పొడిగించింది. జనం పెరిగిన రాష్ట్రంలోని మనిషికి ఇది తక్కువ తూకం. అదుపు పాటించిన రాష్ట్రానికి ఇది రక్షణ. రెండు న్యాయాలు ఎదురెదురుగా నిలిచినప్పుడు తక్కెడ పట్టుకున్నవారి పని ఎంత కష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది.

చివరి సంవత్సరాలు

గిరి గారు 1974 ఆగస్టు వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. ప్రభుత్వం పంపిన కాగితాలపై ప్రశ్నించకుండా సంతకాలు చేశారన్న విమర్శ ఆయనపై ఉంది. ఆయన పదవిలో ఉండగానే 1974 మే నెలలో జరిగిన రైల్వే సమ్మెను ప్రభుత్వం కఠినంగా అణచివేసింది. తాను పెంచిన సంఘం వారే వేల సంఖ్యలో జైళ్లకు వెళ్తుంటే ఆ పెద్ద భవనంలో ఆయన మనసు ఎలా ఉండి ఉంటుందో మనం ఊహించవలసిందే. 1975లో భారతరత్న పురస్కారం వచ్చింది. 1969లో ఓడిన సంజీవరెడ్డి గారు 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి కావటం గిరి గారు కళ్లారా చూశారు. 1980 జూన్‌లో మద్రాసులో పరమపదించారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు పెట్టారు.

మన శాఖ సంగతి

ఇక మొదట చెప్పిన విషయానికి వస్తాను. కొన్నేళ్ల కిందట మన శాఖ అధ్యక్ష ఎన్నికకు నేను ఎన్నికల అధికారిగా ఉన్నాను. ముగ్గురు పోటీ చేశారు. అందులో ఒకరు అటెండరుగా పదవీ విరమణ చేసిన మిత్రుడు. 1977లో నా మొదటి ఎన్నికల డ్యూటీకి బ్యాలెట్ పెట్టె నెత్తిన పెట్టుకొని నా వెంట నడిచినవాడు. నాలుగో తరగతి వారు, కుటుంబ పెన్షను మీద బతుకుతున్న అక్కచెల్లెళ్లు ఆయన వెనుక ఉన్నారు. గెలిచినవారికి మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ ఓట్లు వచ్చాయి. నియమావళి ప్రకారం నేను ఫలితం ప్రకటించాను. తప్పు లేదు. కాని మూడింట రెండు వంతుల మంది కోరనివారు అధ్యక్షులయ్యారు.

ఆ తరువాత వారం రోజులు నన్ను కలిసినవారిలో చాలామంది, తమ వారు కాకపోతే ఆ అటెండరు మిత్రుడైనా తమకు సమ్మతమే అన్నారు. ఆ మాట చెప్పటానికి మా బ్యాలెట్ కాగితంలో చోటు లేదు. అంకెలు వేయిస్తే ఆయన గెలిచేవాడా? చెప్పలేను. కాని తన పేరు ఎందరి మనసులో రెండోదిగా ఉందో ఆయనకు తెలిసి ఉండేది. అప్పటి నుంచి ఆయన సమావేశాలకు రావటం మానేశాడు. ఆయన వెంట వచ్చేవారూ మానేశారు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్లకు అందరం కలిసి వెళ్లే అలవాటు కూడా పోయింది. వెనుక వరుస కుర్చీలు ఖాళీగానే ఉంటున్నాయి. ఆ ఫలితం చదివింది నా గొంతే కాబట్టి ఆ ఖాళీ నన్ను బాధిస్తుంది.

అందువల్ల రాబోయే సర్వసభ్య సమావేశం ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, అధ్యక్ష ఎన్నికలో 1, 2, 3 అంకెల పద్ధతి పెట్టాలి. సగం దాటినవారే గెలిచినట్లు కావాలి. రెండు, కార్యవర్గంలో నాలుగో తరగతి వారికి, కుటుంబ పెన్షనర్లకు కనీసం ఒక్కొక్క స్థానం ఉండాలి. అది పార్వతీపురం తీర్పులోలాగా గీత కావాలి గాని గోడ కారాదు. వారిలో ఎవరికైనా ఎక్కువ ఓట్లు వస్తే ఏ పదవికైనా రావచ్చు. మూడు, లెక్కింపు అందరి ముందు జరగాలి, ప్రతి రౌండు అంకెలు గోడ మీద అతికించాలి. రాష్ట్రపతిని ఎన్నుకోవటానికి ఈనాటికీ యంత్రం వాడరు. ఎంపీలకు ఆకుపచ్చ, ఎమ్మెల్యేలకు గులాబీ రంగు కాగితాలే ఇస్తారు. అంత పెద్ద ఎన్నికకు చాలిన కాగితం, పెన్ను మన శాఖకు చాలవా?

ఇవి అంగీకరించినా, తిరస్కరించినా నాకు సమ్మతమే. అయితే ఈ సంచిక ప్రతిని నేనే స్వయంగా తీసుకొని ఆ మిత్రుని ఇంటికి వెళ్తున్నాను. సమావేశానికి రమ్మని పిలుస్తాను. వస్తే ముందు వరుసలో కుర్చీ వేయండి. సెలవు.